ఐమూల కొలత ఏది?

“అన్నయ్యా, గుణకారం కరెక్టుగా ఉందో లేదో ఒక్కసారి చూడు, చాలు” అంటూ మా చిన్నాన్న కొడుకు ఒక కాగితం చేతిలో పెట్టాడు. పోయిన ఎండాకాలం సంగతి. వాడికి ఇంటి స్థలం బేరం కుదిరింది. రెండు రోజుల్లో అడ్వాన్సు ఇవ్వాలి. కాగితం మీద బాల్ పెన్నుతో గీసిన నాలుగు పలకల బొమ్మ ఉంది. తూర్పు 36, పడమర 44, ఉత్తరం 50, దక్షిణం 52, అన్నీ అడుగులే. కింద లెక్క: తూర్పు పడమరల సగటు 40, ఉత్తర దక్షిణాల సగటు 51, రెండూ గుణిస్తే 2,040 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 226 గజాల చిల్లర. గజం 18 వేల చొప్పున 40 లక్షల 80 వేలు.

గుణకారంలో తప్పేమీ లేదు. కానీ నేను లెక్కలు చెప్పే పంతుల్ని. ఆ బొమ్మ చూడగానే నాకు ఒకటే ప్రశ్న వచ్చింది: ఐమూల కొలత, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు పట్టే కొలత, ఏది?

మధ్యవర్తి పక్కనే కూర్చుని ఉన్నాడు. “అదెందుకు మాస్టారూ? నాలుగు వైపులా టేపు పట్టాం కదా. మన ఏరియాలో అందరూ ఇట్లాగే వేస్తారు” అన్నాడు. మోసం చేద్దామని అన్న మాట కాదది. నిజంగానే అందరూ అట్లాగే వేస్తారు. ఎదురెదురు వైపులు కలిపి సగం చేసి గుణించడం మన ఊళ్ళలో ఎంత అలవాటైపోయిందంటే, చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ కూడా దాన్ని లెక్కల పుస్తకంలో సూత్రమే అనుకుంటారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఎండ ముదరకముందే తమ్ముడూ నేనూ వెళ్ళాం. కాలువ గట్టు పక్కన స్థలం. గట్టు వంపు తిరిగే చోట రోడ్డు కూడా వాలుగా పోతుంది, దాంతోపాటే స్థలం కూడా ఒరిగిపోయింది. నాలుగు మూలల్లో రాళ్ళు ఉన్నాయి. మధ్యలో పల్లేరు కాయలు, ఒక తుమ్మ మొక్క. దాన్ని కత్తితో కొట్టి పక్కకు లాగాల్సి వచ్చింది. ఈశాన్యం రాయి మీద టేపు చివర తమ్ముడు కాలితో తొక్కి పట్టుకుంటే నేను నైరుతి రాయి దాకా లాక్కెళ్ళాను. 56 అడుగులు. తర్వాత వాయవ్యం నుంచి ఆగ్నేయానికి లాగాం. 72. ఒక ఐమూలకీ ఇంకో ఐమూలకీ 16 అడుగుల తేడా! మూలలు సరిగ్గా ఉన్న స్థలంలో ఈ రెండూ దాదాపు సమానంగా రావాలి.

అక్కడే గట్టు మీద కూర్చుని ఫోనులో లెక్క వేశాను. 56 అడుగుల గీత స్థలాన్ని రెండు త్రిభుజాలు చేస్తుంది. ఒకదాని భుజాలు 36, 52, 56. రెండోదాని భుజాలు 44, 50, 56. మూడు భుజాలూ తెలిస్తే వైశాల్యం చెప్పే హెరాన్ సూత్రం ఉంది కదా. మొదటిది 911, రెండోది 1,051. మొత్తం 1,962 చదరపు అడుగులు, అంటే 218 గజాలు. కాగితం మీద ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ దాదాపు 8 గజాల 6 అడుగుల తేడా. డబ్బుల్లో చెప్పాలంటే లక్షా యాభై ఆరు వేలు.

తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడు అడిగిన మాటే నన్ను ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది. “నువ్వు నాకు స్కూల్లో చెప్పినప్పుడు కూడా ఇది చెప్పావా అన్నయ్యా?”

చెప్పాను. వాడికి ఎనిమిదో తరగతిలో నేనే చెప్పాను. మార్కులు కూడా వేశాను. అయినా అవసరమైనప్పుడు వాడికది గుర్తు రాలేదు. ఆ నెలంతా అదే ఆలోచన.

పిల్లల పుస్తకం ఐదు అంటుంది

ఎనిమిదో తరగతిలో చతుర్భుజాల నిర్మాణం అని ఒక పాఠం ఉంది. ఒక చతుర్భుజాన్ని నిర్మించాలంటే ఐదు కొలతలు కావాలని అందులో స్పష్టంగా ఉంటుంది. నాలుగు భుజాలూ ఒక కర్ణం (మనం ఐమూల అనేది ఇదే), లేదా నాలుగు భుజాలూ ఒక కోణం, ఇట్లా. మేము బోర్డు మీద రాస్తాం, పిల్లలు నోటు పుస్తకంలో రాసుకుంటారు, పరీక్షలో వృత్తలేఖినితో గీసి చూపిస్తారు. పదమూడేళ్ళ పిల్లవాడికి ఐదు కొలతలు కావాలని చెప్పే మనం, లక్షలు పోసి కొనే స్థలానికి నాలుగే రాసి సంతకం పెడుతున్నాం. ఈ రెండింటి మధ్య తెగిపోయిన దారి ఎక్కడుందో కనిపెట్టాలనిపించింది.

జూన్‌లో బడి తెరిచాక ఎనిమిదో తరగతికి తమ్ముడి స్థలం కొలతలే ఇచ్చాను. 4 అడుగులకు 1 సెంటీమీటరు చొప్పున తగ్గిస్తే 9, 11, 12.5, 13 సెంటీమీటర్లు. “ఇది ఒక ఇంటి స్థలం, గ్రాఫు కాగితం మీద గీయండి” అన్నాను. కర్ణం ఇవ్వలేదు. చాలామంది ఏమీ అడక్కుండా గీసేశారు. ఒక అమ్మాయి మాత్రం 13 సెంటీమీటర్ల గీత గీసి, వృత్తలేఖిని 9కి తెరిచి, అట్లాగే ఆగిపోయింది. “సార్, ఇక్కడ ఎంత వాలుగా పెట్టాలి?” అంది. ఇన్నేళ్ళ సర్వీసులో నేను విన్న మంచి ప్రశ్నల్లో అది ఒకటి. “నీ ఇష్టం” అన్నాను. “ఇష్టమైతే ఎట్లా సార్, స్థలం ఒకటే కదా?” అంది.

అందరూ గీశాక గడులు లెక్కపెట్టమన్నాను. నిండు గడి ఒకటి, సగం ఉంటే సగం, సగం కంటే తక్కువ ఉంటే వదిలెయ్యాలి, ఎక్కువుంటే ఒకటి. ఒక చదరపు సెంటీమీటరు అంటే 16 చదరపు అడుగులు. బాగా ఒరిగిపోయిన బొమ్మ గీసినవాళ్ళకు 1,500లు, 1,600లు వచ్చాయి. కాస్త నిటారుగా గీసినవాళ్ళకు 2,000 దాటింది. అవే నాలుగు కొలతలు. కర్ణం 40 అడుగులైతే స్థలం 1,559 చదరపు అడుగులు, 64 అయితే 2,032, 80 అయితే మళ్ళీ తగ్గి 1,703. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి బొమ్మలు కూడా కలవలేదు.

ఒక పిల్లవాడికి మాత్రం 2,048 వచ్చింది. నాకు అనుమానం వచ్చి దగ్గర కూర్చుని మళ్ళీ లెక్కపెట్టించాను. అంచు గడుల్లో సగాన్ని కూడా ఒకటిగా వేసుకుంటూ పోయాడు. సరిచేస్తే తగ్గింది. తగ్గి తీరాలి. ఎందుకంటే ఆ నాలుగు భుజాలతో ఎన్ని రకాలుగా గీసినా 2,033 చదరపు అడుగులు దాటదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగమని పాఠకుల్ని అడుగుతున్నాను. తమ్ముడి కాగితం మీద ఉన్నది 2,040. అంటే అది ఆ స్థలం విస్తీర్ణం కాకపోవడం ఒక్కటే కాదు, ఆ నాలుగు కొలతలున్న ఏ స్థలానికీ, ఈ భూమ్మీద ఎక్కడా, ఆ విస్తీర్ణం ఉండదు. లేని నేలకు బేరం కుదిరింది.

చివర్లో కర్ణం 14 సెంటీమీటర్లు అని చెప్పాను. మళ్ళీ గీశారు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుంటే గీతలన్నీ కలిసిపోయాయి. ఇందాక ప్రశ్న అడిగిన అమ్మాయి మొహంలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది.

ఇదే క్లాసులో ఇంకో చిన్న సంగతి. గడులు లెక్కపెట్టడం విసుగనిపించి ఎవరో “చుక్కలు పెట్టుకుంటే పోలా సార్, ముగ్గులాగా” అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఎందుకంటే చుక్కల ముగ్గులో నిజంగానే ఒక లెక్క ఉంది. గీతలన్నీ తిన్నగా ఉండి, మూలలన్నీ చుక్కల మీదే పడితే, లోపలి చుక్కలకు గీత మీది చుక్కల్లో సగం కలిపి ఒకటి తీసేస్తే అదే వైశాల్యం. మూడు గడుల పొడవు, రెండు గడుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం తీసుకోండి. లోపల 2 చుక్కలు, గీత మీద 10. రెండూ ఐదూ ఏడు, ఒకటి తీస్తే ఆరు. గియోర్గ్ పిక్ అనే గణితవేత్త 1899లో దీన్ని ప్రచురించాడు. తెల్లారి లేచి వాకిట్లో చుక్కలు పెట్టే పిల్లలకు ఇది చెబితే అతుక్కుపోతుంది. మూలలు చుక్కల మీద పడకపోతే అది సుమారు లెక్క అవుతుంది. సుమారు అని తెలిసి వాడుకుంటే అందులో ఏ ఇబ్బందీ లేదు.

తప్పు ఎప్పుడూ ఒకవైపే

నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇది. సుమారు లెక్కల్లో తప్పులు రావడం సహజం. ఒకసారి ఎక్కువొస్తుంది, ఇంకోసారి తక్కువొస్తుంది, మొత్తం మీద సరిపోతుంది. సగటుల లెక్క అట్లా కాదు. అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. తక్కువ చూపించడం దానికి సాధ్యం కాదు.

కారణం తేలికే. రెండు కర్రలు ఒక చివర కలిపి పట్టుకుని త్రిభుజం చేస్తే, మూల సరిగ్గా మూలమట్టంలాగా ఉన్నప్పుడే లోపలి జాగా అన్నిటికంటే ఎక్కువ. అప్పుడది రెండు కర్రల పొడవుల లబ్ధంలో సగం. కర్రలు ఎటు వాలినా జాగా తగ్గుతుంది. ఇప్పుడు స్థలాన్ని ఒక ఐమూలగా కోస్తే రెండు త్రిభుజాలు. తూర్పు దక్షిణాలు ఒక జత, పడమర ఉత్తరాలు ఒక జత. మొత్తం జాగా ఆ రెండు జతల లబ్ధాల్లో సగానికి మించదు. ఇంకో ఐమూలగా కోస్తే తూర్పు ఉత్తరాలు, పడమర దక్షిణాలు. అప్పుడూ అంతే, సగానికి మించదు. ఈ రెండు హద్దుల సగటు తీయండి. అచ్చంగా ఎదురెదురు భుజాల సగటుల లబ్ధమే వస్తుంది. అంటే నాలుగు మూలలూ మూలమట్టానికి ఉంటేనే ఆ లెక్క నిజం. లేకపోతే ప్రతిసారీ ఎక్కువ.

కొనేవాడు ఎప్పుడూ ఎక్కువ కడతాడు. కౌలుకు తీసుకున్నవాడు ఎక్కువ కడతాడు. స్టాంపు డ్యూటీ కూడా కాగితం మీది గజాలకే లెక్క కాబట్టి అక్కడా ఎక్కువే. ఎవరూ ఎవర్నీ మోసం చేయాలనుకోకపోయినా డబ్బు మాత్రం ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఎప్పుడూ అదే దిక్కులో పోతూ ఉంటుంది.

ఇది మన ఊళ్ళలో పుట్టిన అలవాటు కూడా కాదు. ఈజిప్టులో ఎడ్ఫూ ఆలయం గోడల మీద సుమారు 2,000 ఏళ్ళ కిందటి భూదానాల లెక్కలు చెక్కి ఉన్నాయి. అక్కడా ఇదే పద్ధతి. త్రిభుజాకారపు పొలం వస్తే నాలుగో భుజం లేదనుకుని అదే లెక్క వేశారు. మూడు వైపులా 60 అడుగులున్న ముక్కకు అట్లా వేస్తే 1,800 చదరపు అడుగులు వస్తుంది. ఉన్నది 1,559. రోడ్డు మలుపుల్లో మిగిలే ముక్కోణపు స్థలాలకు మన దగ్గర ఈ లెక్క వేయడం నేను కళ్ళారా చూశాను.

మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతం అనే గ్రంథంలో ఈ రెండు లెక్కలూ ఒకే శ్లోకంలో ఉన్నాయి. ఎదురెదురు భుజాలు కలిపి సగం చేస్తే వచ్చే రెండింటి లబ్ధాన్ని ఆయన స్థూలఫలం అన్నాడు. దాని పక్కనే సూక్ష్మఫలం చెప్పాడు: నాలుగు భుజాల మొత్తంలో సగం తీసుకుని, అందులోంచి ఒక్కో భుజాన్నీ తీసేసి, వచ్చిన నాలుగింటినీ గుణించి వర్గమూలం తీయాలి. తమ్ముడి స్థలానికి ఆ లెక్క వేస్తేనే ఇందాక చెప్పిన 2,033 వస్తుంది. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే చతుర్భుజానికే అది సరిగ్గా సరిపోతుంది. జైన గణితవేత్త మహావీరాచార్యుడు కూడా వ్యావహారికం, సూక్ష్మం అని రెండూ వేరువేరుగా చెప్పాడు. ఆయన గణితాన్నే మన పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా మార్చాడు.

ఇక భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో ఇంకా గట్టిగా మాట్లాడాడు. లంబమో కర్ణమో ఏదీ చెప్పకుండా నాలుగు భుజాలే చెప్పి ఫలం ఎంత అని అడిగేవాడు పిశాచమని, దానికి జవాబు చెప్పేవాడు అంతకంటే పెద్ద పిశాచమని ఆయన భావం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. బోర్డు ముందు నిలబడి అట్లాంటి జవాబులు నేనెన్ని చెప్పి ఉంటానో కదా.

ఆ పెద్దల్లో ఎవరూ స్థూలలెక్కను వద్దనలేదు. పేరు పెట్టి, పక్కన సూక్ష్మం కూడా పెట్టారు. మన చేతికి వచ్చేసరికి స్థూలం అన్న మాట రాలిపోయి సంఖ్య ఒక్కటే మిగిలింది. దస్తావేజులో 2,040 అని రాశాక, అది సుమారు అని ఎవరికి గుర్తుంటుంది?

సర్వేయర్లకు తెలియదా అంటే

బాగా తెలుసు. తాలూకా సర్వే రికార్డుల్లో ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్), అంటే పొలాల కొలతల పుస్తకం తీసి చూస్తే ప్రతి సర్వే నంబరు బొమ్మలోనూ మూల నుంచి మూలకు గీతలుంటాయి. పొలాన్ని త్రిభుజాలుగా కోసి, వంపులున్న చోట ఆ గీతల మీద నుంచి గట్టు దాకా అడ్డ కొలతలు తీసి, లింకుల్లో వేసి ఉంటారు. గుంటర్ గొలుసు 66 అడుగులు, 100 లింకులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే 10 సెంట్లు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇంత సులువుగా సెంట్లలోకి వచ్చే కొలతను పట్టుకుని ఆ కాలపు మనుషులు ఎండలో తిరిగి ఒక్కో చేనునూ త్రిభుజాలు చేశారు.

మా తాతయ్య కరణంగారి వెంట, సర్వే వాళ్ళ వెంట గొలుసు లాగినవాడు. బడిలో రెండో తరగతి దాటలేదు. ఆయన అనేవాడు, “అడ్డం లాగితేగానీ చేను నిలబడదురా” అని. చిన్నప్పుడు అర్థం కాలేదు. లెక్కల్లో డిగ్రీ చేశాక కూడా వెంటనే అర్థం కాలేదు. మా దొడ్లో తడిక ఒకసారి ఒరిగిపోతే ఆయన ఐమూలగా ఒక వెదురు బద్ద కట్టాడు. అప్పుడు కదలకుండా నిలిచింది. నాలుగు కర్రలు ఎంత గట్టిగా కట్టినా ఒరుగుతాయి, ఐదోది పడితే ఒరగవు. నులక మంచం కోళ్ళు వదులైతే కూడా ఇంతే. పట్టీల పొడవు మారదు, మంచం మాత్రం ఓ పక్కకు వాలిపోతుంది. చేను కూడా కాగితం మీద అట్లాగే వాలిపోతుందని ఆయన మాట.

ఇల్లు కట్టే మేస్త్రీని చూడండి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల దగ్గర ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తుపెట్టి, మధ్యలో 5 వచ్చేదాకా దారం జరుపుతాడు. గది అయ్యాక రెండు ఐమూలలూ కొలిచి చూస్తాడు. గుమ్మం చేసే వడ్రంగి కూడా అంతే. 3 అడుగుల గుమ్మానికి చూసే జాగ్రత్త 40 లక్షల స్థలానికి ఎందుకు లేదు?

నాకు తోచిన కారణం ఒకటుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అంతకు ముందూ తర్వాతా కూడా, సర్వే నంబరును అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, దాన్ని ముక్కలు చేసి అమ్మినప్పుడు, ప్రతి ముక్కకూ సర్వే చేయించిన ఇళ్ళు నాకు తెలిసి తక్కువ. పెద్ద చేనుకు త్రిభుజాలున్నాయి, అందులోంచి పుట్టిన చిన్న ముక్కలకు టేపు పట్టిన నాలుగు కొలతలే ఉన్నాయి. దస్తావేజు రాసేవాళ్ళ నమూనా కూడా చతుర్హద్దులది. తూర్పు ఫలానా వారి స్థలం, ఇన్ని అడుగులు, దక్షిణం ఫలానా దారి, ఇన్ని అడుగులు. ఐదోది రాయడానికి అందులో చోటే లేదు. హద్దులకూ విస్తీర్ణానికీ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. అంటే లేని 8 గజాలు కాగితంలో ఉన్నాయని పక్కవాడి నేలలోకి జరగలేం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో రోవర్లతో, అంటే ఉపగ్రహాల సాయంతో చోటు చూపే పరికరాలతో, ప్రతి మూలకూ అక్షాంశ రేఖాంశాలు తీస్తున్నారు. మూలల స్థానాలు తెలిస్తే ఐమూల కొలత వేరే అక్కర్లేదు, అందులోనే ఉంటుంది. దానిమీద ఎన్ని తగాదాలున్నా ఈ ఒక్క విషయంలో అది సరైన దారి. కానీ మనం చేతుల్లో టేపు పట్టుకుని చేసే బేరాలు ఎప్పటికీ ఉంటాయి.

ఎదురు వాదనలు

ఇవన్నీ చెబితే మా స్టాఫ్ రూములో సోషల్ మాస్టారు ఒప్పుకోలేదు. “మూలలు కాస్త అటూ ఇటూ ఉన్న స్థలానికి తేడా ఎంతొస్తుంది? దీనికింత రాద్ధాంతమా?” అన్నారు. ఆయన మాటలో నిజముంది. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, స్థలం 5 డిగ్రీలు ఒరిగితే నూటికి 0.4 మాత్రమే ఎక్కువొస్తుంది. 200 గజాల స్థలంలో అది గజం కూడా కాదు. 10 డిగ్రీలకు నూటికి 1.5. లేఅవుట్లలో రాళ్ళు వేసి అమ్మే స్థలాలకు సగటుల లెక్క దర్జాగా సరిపోతుంది. కానీ 20 డిగ్రీలకు నూటికి 6, 30 డిగ్రీలకు 15 దాటుతుంది. స్థలం ఎంత ఒరిగిందో కంటికి తెలియదు కాబట్టే టేపు లాగాలి. ఎదురెదురు భుజాలు దాదాపు సమానంగా ఉండి, లాగి చూశాక రెండు ఐమూలలూ దగ్గరదగ్గరగా ఉంటే సగటుల లెక్కే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పొలాల సంగతి వేరు. నాట్లు వేసే ముఠాకు కూలి లెక్కగట్టడానికి, విత్తనం ఎంత కావాలో చూసుకోవడానికి సుమారు చాలు. అడుగుతో నడిచి కొలిచినా నష్టం లేదు. గట్లే ఎంతో నేల తింటాయి. పైగా చేలో నీళ్ళున్నప్పుడు, పైరున్నప్పుడు ఐమూలగా టేపు లాగమంటే ఎవరు లాగుతారు? ఈ విషయంలో నేను మొదట్లో మొండిగా ఉండేవాణ్ణి, తర్వాత మెత్తబడ్డాను. ఏ పనికి ఎంత సూక్ష్మం కావాలో ఆ పనే చెబుతుంది. అమ్మకం, పంపకం వచ్చినప్పుడు మాత్రం సుమారు పనికిరాదు. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. తెలంగాణలో గుంట 121 గజాలు, కోస్తాలో సెంటు 48 గజాల చిల్లర. ప్రమాణం ఏదైనా ఒరిగిన స్థలం ఒరిగిన స్థలమే.

“ఫోనులో యాప్ పెట్టి చుట్టూ తిరిగితే వచ్చేస్తుంది కదా సార్” అని కుర్రవాళ్ళు అంటారు. పది ఎకరాల తోటకు నేనూ అదే వాడతాను. కానీ ఫోను చూపించే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది. 36 అడుగుల వెడల్పున్న స్థలంలో 3 మీటర్లంటే దాదాపు 10 అడుగులు. అక్కడ టేపుకు సాటి లేదు.

మధ్యలో ఇల్లో, బోరో, గోడో ఉంటే ఐమూల లాగడం కుదరదన్నది గట్టి అభ్యంతరం. దానికీ దారుంది. ఒక మూల దగ్గర ఒక హద్దు వెంట 30 అడుగులు, ఇంకో హద్దు వెంట 40 అడుగులు గుర్తుపెట్టి ఆ రెండు గుర్తుల మధ్య కొలవండి. 50 వస్తే ఆ మూల మూలమట్టమే. 46 వచ్చిందనుకోండి, మూల లోపలికి మూసుకుంది. 54 వస్తే బయటికి తెరుచుకుంది. ఆ ఒక్క కొలతతో కోణం తెలుస్తుంది, కోణం నుంచి కర్ణం తెలుస్తుంది. లెక్క వేయడం రాకపోయినా పర్వాలేదు, పదో తరగతి చదివే పిల్లను అడగండి. చేసి పెడుతుంది, మురిసిపోతుంది కూడా.

నాకు మిగిలిన సందేహం

తమ్ముడి స్థలం అమ్మే పెద్దాయన దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చుని నా కాగితం మొత్తం విన్నారు. రెండు త్రిభుజాలూ, 56 అడుగులూ అన్నీ. విని లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరులోంచి పాత దస్తావేజు తెచ్చారు. “చూడు బాబూ, నేను కొన్నప్పుడు కూడా 226 గజాలే రాశారు. నేనూ అంతకే డబ్బు కట్టాను. ఇప్పుడు 218 అంటే ఆ ఎనిమిది గజాలు నేనెవర్ని అడగాలి?”

నా దగ్గర జవాబు లేదు. ఆయనకు అమ్మినాయన చనిపోయి పదేళ్ళు దాటింది. లెక్క నాది ఒప్పే. కానీ ఒక తప్పు ఇన్ని చేతులు మారి వచ్చాక, దాన్ని కనిపెట్టిన రోజున ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మోయాలా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొలవకపోయి ఉంటే తమ్ముడు కూడా పాతికేళ్ళ తర్వాత 226 గజాలకే ఇంకొకరికి అమ్మేవాడు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు అనిపించింది. తర్వాత అనిపించింది, అప్పటికి గజం రేటు ఎంత పెరిగితే ఆ తర్వాతివాడి నష్టం అంత పెరుగుతుంది కదా అని.

నాలుగు రోజులు నడిచింది మాటల్లో. చివరికి లక్షా యాభై ఆరు వేలలో సగం పెద్దాయన తగ్గించుకున్నారు, సగం తమ్ముడు భరించాడు. ఇది న్యాయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకునే ఒప్పుకున్నారు.

దస్తావేజు రాసేటప్పుడు మాత్రం పట్టుబట్టాను. విస్తీర్ణం 218 గజాలని వేయించాం. చతుర్హద్దుల్లో ఐదో కొలతకు చోటు లేదంటే, జతచేసే ప్లానులో ఈశాన్యం నుంచి నైరుతికి ఒక చుక్కల గీత గీసి దాని మీద 56 అడుగులని రాయమన్నాను. రాసే ఆయన “ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ” అంటూనే స్కేలు పెట్టి గీశారు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా చూశారు. తర్వాత సంతకం పెట్టారు.